మండిబజార్ గల్లీలో బుక్ బైండింగ్: వారం అన్నడంటే మూడు వారాలు

ముందే చెప్తున్న, ఈ బైండింగ్ ఆయన వారం అంటే మూడు వారాలు అనుకోండి. రేపు వైవా పెట్టుకున్న పీహెచ్‌డీ పిల్లలు ఇటు రావద్దు. మీ కోసం యూనివర్సిటీ గేటు ముందట గంటలో కట్టిచ్చే దుకాణాలు వరుసగా ఉన్నయి. నీలం రెక్సిన్, బంగారు అక్షరాలు, అయిపాయె. ఇంట్లో పెద్దోళ్లది ఏదో పాత పుస్తకం ఉండి, వీపు ఊడిపోయి, పారేయబుద్ధి కాక బీరువా మీద పెట్టినోళ్ల కోసం రాస్తున్న ఇది.

దుకాణానికి పేరు లేదు. వరంగల్ మండిబజార్ మెయిన్ రోడ్డు దిగి గల్లీలో కొంచెం లోపలికి పోతే, షట్టర్ మీద తెల్ల పెయింట్‌తో తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి ‘బుక్ బైండింగ్’ అని ఉంటది. లోపల ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి బయట నిలబడాలె. ఒక పక్క ఇనుప ప్రెస్సు, ఇంకో పక్క ఏవో ఆఫీసుల రిజిస్టర్లు పైకప్పు దాక. మైదా లై వాసన గల్లీ మలుపు కాడికే వస్తది. బైండింగ్ చేసే ఆయనకు డెబ్బై దాటినట్టే ఉన్నయి. అందరూ చాచా అంటరు, నేనూ అదే అన్న.

నేను తీసుకపోయింది మా నాయన పుస్తకం.

నాయన 1980లలో పరకాల నుంచి ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, సెంటీమీటర్ల లెక్క కట్టి నెలాఖరుకు పంపేది. సాయంత్రం వార్తలన్నీ కవర్‌లో పెట్టి హన్మకొండ బస్సు డ్రైవర్ చేతికిచ్చేది. దారిలో బస్సు చెడిపోతే ఆ రోజు పరకాలలో ఏమీ జరగనట్టే. పైసలు లేకున్నా పుస్తకాలు మాత్రం కొనేది. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చిందంటే మా అమ్మకు భయం. సోవియట్ పుస్తకాలు అగ్గువకు దొరికేవి, గట్టి అట్ట, తెల్ల కాగితం. ‘సోవియట్ భూమి’ పత్రిక పేజీలతో మా బడి పుస్తకాలకు అట్టలేసుకునేటోళ్లం. నా లెక్కల నోట్‌బుక్ మీద ట్రాక్టర్ తోలే ఒక ఆడామె రెండేండ్లు నవ్వుకుంట ఉన్నది.

ఇప్పుడు నేను చెప్పే పుస్తకం ఆ వ్యానులో కొన్నదే. ఇంగ్లీషు. సోవియట్ రచయితల జీవితాలు. పేరు అడగొద్దు, మొదటి పేజీలు చెదలు తిన్నయి. నడుమ ఒక అధ్యాయం మూసా జలీల్ అనే రష్యా దేశపు తాతార్ కవి, పత్రికా రచయిత మీద. మిగతా పుస్తకమంతా నాయన అక్కడక్కడ గీతలు పెట్టిండు గాని, ఈ అధ్యాయంలో మాత్రం మార్జిన్ అంతా పెన్సిల్ రాతలే.

మొదట నేను చేసిన తప్పు కూడా చెప్పాలె. పోయినేడు దీన్ని వేరే ఒక జిరాక్స్ దుకాణంలో ఇచ్చిన. ఎక్కడన్నది వద్దు. గ్లూ పెట్టి పది నిమిషాలలో అతికిచ్చి, “నీట్‌గ వస్తది మేడం” అని మూడు దిక్కులా కటింగ్ మిషన్ కింద పెట్టిండు. నీట్‌గానే వచ్చింది. ఇంటికొచ్చి తెరిస్తే వీపు కాడ పట్‌మని విరిగింది. అది పోనీ, బయటి మార్జిన్ వేలెడంత పోయింది. దాంతో నాయన రాసినవి సగం పోయినయి. జలీల్ పేపర్‌లో పనిచేసిన చోట నాయన ఒక ప్రశ్న రాసిండు. ఇప్పుడు అక్కడ ‘ఈయనకు లైన్ అకౌ’ అని మాత్రమే ఉన్నది. మిగతాది ఆ దుకాణం చెత్తబుట్టలోకి పోయింది.

అందుకే చాచా దగ్గర నేను ముందుగాల కటింగ్ గురించే నోరు తెరిచిన. ఆయన విననట్టే పుస్తకం తీసుకుని, అద్దాలు నొసటి మీదికి నెట్టి, ఒక్కో పేజీ తిప్పిండు. నడుమ ఆగిండు.

“ఈ పెన్సిల్ ఎవలది?”

“మా నాయనది.”

“ఉన్నడా?”

“లేడు చాచా.”

“అయితే కటింగ్ లేదు. అంచులు ఎగుడు దిగుడుగ ఉంటయి, మంచిదేనా?”

నేను చెప్పాల్సింది ఆయనే చెప్పిండు. ఐదు స్టార్లల్లో మూడు స్టార్లు ఈ ఒక్క మాటకే ఇస్తున్న.

ఆ తర్వాత ఆయన ఆ అధ్యాయంలోని ఫోటో కాడ చాలాసేపు కూర్చున్నడు. దాని సంగతి చెప్పాలంటే జలీల్ సంగతి కొంచెం చెప్పాలె.

1906 ఫిబ్రవరిలో రష్యాలోని ఒరెన్‌బుర్గ్ దిక్కు ముస్తఫినో అనే పల్లెలో పుట్టిండు. మదర్సాలో చదివిండు. 1919లో, అంటే పదమూడేండ్లకు, ‘కిజిల్ యోల్డిజ్’ అనే సైనిక పత్రికలో పద్యం అచ్చయింది. ఎర్ర చుక్క అని దానర్థం. నాయన పక్కన ‘13!!’ అని రాసిండు. రెండు ఆశ్చర్యార్థకాలు. (నాకు పదమూడేండ్లప్పుడు పేపర్‌కు పంపిన కథ తిరుగు టపాలో వచ్చింది. అది నాయనే పోస్ట్ చేసిండు.) తర్వాత మాస్కో యూనివర్సిటీలో సాహిత్యం. అక్కడ హాస్టల్ గదిలో ఆయనతో ఉన్నోడు వర్లాం షలామోవ్, తర్వాత కొలీమా శిబిరాల కథలు రాసిన ఆయన. ఆ ఒక్క గదిని తలుచుకుంటే గమ్మత్తుగ అనిపిస్తది. ఒకాయన హిట్లర్ జైలుకు పోయిండు, ఒకాయన స్టాలిన్ శిబిరాలకు.

1931లో చదువు అయినంక తాతార్ పిల్లల పత్రికలకు సంపాదకుడు. ఆ తర్వాత మాస్కోలో తాతార్ భాషలో వచ్చే ‘కమ్యూనిస్ట్’ పేపర్‌లో సాహిత్యం పేజీ చూసుకున్నడు. నాయన లైన్ అకౌంట్ ప్రశ్న ఇక్కడనే. నజీబ్ జిగానోవ్ అనే సంగీతకారునికి ‘అల్తిన్‌చెచ్’ ఒపేరా, అంటే పాటల నాటకం, రాసిచ్చిండు. బంగారు జుట్టు పిల్ల అని. తాతార్ల రాజధాని కజాన్‌లో రచయితల సంఘానికి పెద్ద అయ్యిండు. ఈ భాగం నాయనకు పెద్దగ పట్టలేదు, పెన్సిల్ జాడ లేదు. నాకూ అంతే. సంఘాలు, పదవులు ఎక్కడైనా ఒక్క తీరే ఉంటయి.

యుద్ధం వచ్చింది. 1942లో వోల్ఖోవ్ ఫ్రంట్ మీద ‘ఒత్వాగా’ అనే సైనిక పత్రికకు విలేఖరి. సాహసం అని ఆ మాటకు అర్థం. జూన్‌లో సైన్యం చుట్టుముట్టుల పడ్డది, ఈయన గాయపడి జర్మన్ల చేతికి చిక్కిండు. గుమేరోవ్ అని వేరే పేరు చెప్పుకున్నడు. జర్మన్లు ఖైదీలలో తాతార్లు, బష్కీర్లు, చువాష్‌లు ఇట్లా వోల్గా దిక్కు వాళ్లను ఏరి ‘ఇదెల్-ఉరాల్’ దళం కట్టిండ్రు. ఇదెల్ అంటే వాళ్ల భాషలో వోల్గా నది. సోవియట్ సైన్యం మీదికే వాళ్లను పంపాలని. జలీల్ అందులో చేరి, సాంస్కృతిక కార్యక్రమాల పేరుతో శిబిరాలు తిరుగుకుంట, లోపల్లోపల రహస్య సంఘం నడిపిండు. 1943 ఫిబ్రవరిలో మొదటి బెటాలియన్‌ను బెలారస్‌కు పంపితే, అది ఆయుధాలతో సహా పోయి పార్టిజాన్లలో, అంటే జర్మన్ల మీద కొట్లాడే సోవియట్ గెరిల్లాలలో, కలిసింది. ఆగస్టులో జలీల్‌ను, ఆయన మనుషులను పట్టుకున్నరు. బెర్లిన్‌లో మోవాబిట్ జైలు.

అక్కడ చేత్తో చేసుకున్న చిన్న పుస్తకాలలో పద్యాలు రాసిండు. ఒకటి తొమ్మిదిన్నర సెంటీమీటర్ల పొడుగు, ఏడున్నర వెడల్పు. మన ఆర్టీసీ బస్ పాస్ కన్న కొంచెం పెద్దది. అందులో 60 పద్యాలు. రెండోది ఇంకొంచెం పెద్దది, 50 పద్యాలు. సెంటీమీటర్ల లెక్క వచ్చిన చోట నాయన పెన్సిల్‌తో మార్జిన్‌లో అదే సైజు డబ్బా గీసి చూసుకున్నడు. బతుకంతా సెంటీమీటర్లు కొలిచిన మనిషి కదా! ఆ డబ్బా జిరాక్స్ దుకాణం కటింగ్‌కు చిక్కలేదు, లోపలి అంచు దిక్కు గీసిండు కాబట్టి బతికింది.

1944 ఆగస్టు 25, బెర్లిన్‌లోని ప్లోట్సెన్‌జే జైలు. పదకొండు మంది తాతార్లను మూడేసి నిమిషాలకొకరి చొప్పున తల నరికే గిలటిన్ కింద పెట్టిండ్రు. జలీల్ ఒకడు. పిల్లల కథలు రాసే అబ్దుల్లా అలీష్ ఒకడు. జలీల్‌కు ముప్పై ఎనిమిదేండ్లు. ఇంటి దగ్గర బిడ్డ చుల్పాన్, 1937లో పుట్టింది. చుల్పాన్ అంటే వేగుచుక్క.

ఈ పేజీ మార్జిన్‌లో నాయన రాసింది పూర్తిగానే ఉన్నది: ‘మన షోయబ్: 22 ఆగస్టు 1948.’ షోయబుల్లా ఖాన్, ఇమ్రోజ్ సంపాదకుడు, ఖమ్మం దిక్కు సుబ్రవేడులో పుట్టినాయన. రజాకార్లకు ఎదురు రాస్తున్నడని హైదరాబాద్‌లో నడిరాత్రి కాల్చి, రాసే చెయ్యి నరికిండ్రు. దాని కింద ఇంకో మాట, ‘ఇందూరు జైలు - బొగ్గు’. అంతే. అది ఎవరికి అర్థం కావాలో వాళ్లకు అయితది. దాశరథి నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి మా ఇంట్లో అన్నం ముద్దతో పాటు తినిపించిండు నాయన. మా వరంగల్ జైలు మాత్రం ఇప్పుడు లేదు, 2021లో కూలగొట్టి ఆస్పత్రి మొదలుపెట్టిండ్రు.

ఇంత చెప్పింది ఫోటో కోసం. ఆ అధ్యాయంలో ఒక నోట్‌బుక్ పేజీ ఫోటో ఉన్నది. అరబ్బీ అక్షరాలు, చీమల బారు తీరుగ. చాచా దాన్ని వెలుతురుకు పట్టి, పెదవులు కదిలిచ్చుకుంట చదవబోయిండు. నేను ఊకున్న. రెండు నిమిషాలయినంక పుస్తకం దించిండు.

“హర్ఫులు మావే. మాట మాది కాదు.”

అది తాతార్ భాష చాచా, రష్యాలో ఉంటరు అని చెప్పిన. మరి ఈ రాత ఎందుకు అన్నడు. నాకు తెలిసింది చెప్పిన: వాళ్లు ముందు అరబ్బీ లిపిలనే రాసేది, 1920ల ఆఖరుకు లాటిన్‌కు మార్చిండ్రు, 1939లో మళ్లీ రష్యన్ అక్షరాలకు. జలీల్ బతికిన ముప్పై ఎనిమిదేండ్లలో ఆయన భాష మూడు లిపులు మారింది. జైలు నోట్‌బుక్కులలో ఒకటి అరబ్బీ లిపిలో, ఒకటి లాటిన్‌లో ఉన్నది. మదర్సాలో నేర్చిన చెయ్యి, జైలులో మళ్లీ ఆ అక్షరాలకే పోయింది.

చాచా నవ్విండు. “మా మన్మడు ఫోన్ల ఉర్దూ మాట్లాడ్తడు గాని ఏబీసీడీలల్ల కొడ్తడు. వాళ్లకు సర్కార్ మార్చింది, మాకు సెల్‌ఫోన్ మార్చింది.”

తర్వాత వారం పోయినప్పుడు (పని కాలేదు, ఊరికే పోయినట్టయింది) నేను ఫోన్‌లో కొన్ని తాతార్ మాటలు ఏరుకుని పోయిన. పుస్తకాన్ని వాళ్లు కితాప్ అంటరు. స్నేహితుడు దుస్. పగవాడు దొష్మాన్. దేశం వతాన్. ప్రపంచం దొన్యా. వార్త ఖబర్ లెక్కనే. చాచా ఒక్కోటి వింటూ, అసలు మాట నేను చెప్పకముందే అందుకున్నడు. “దోస్త్. దుష్మన్. దునియా.” రిజిస్టర్ కుట్టించుకోవడానికి వచ్చి నిలబడ్డ ఒక గుమస్తా కూడా “మా అమ్మ గూడ దునియా అనే అంటది” అన్నడు. అవును మరి, మా ఇంట్లో కూడ ఖబర్ చెప్పుకుంటం, దోస్తులతో తిరుగుతం. పరకాలకు, కజాన్‌కు నడుమ ఇన్ని వేల కిలోమీటర్లుండి కూడ, పగవాన్ని తిట్టాలంటే ఇద్దరికీ ఒకటే మాట. చాచా ఒక పాత కాలెండర్ ముక్క మీద ఆ ఆరు మాటలు ఉర్దూలో రాసి నాకిచ్చిండు. చదవరాదు నాకు. నాయనకు వచ్చేది.

ఇక పని సంగతి. అతికిచ్చిన గ్లూ అంతా తీసేసరికే రెండు రోజులు పట్టిందట. తడి లై వీపు మీద పూసి, నానబెట్టి, మొద్దు కత్తితో గీకి, ఫారాలు (మడిచి కుట్టిన పేజీల కట్టలు) ఒక్కొక్కటి విడదీసిండు. చినిగిన పేజీలకు తెల్ల పతంగి కాగితం సన్నగ చించి అతికిండు. కత్తిరిస్తే అంచు కనపడ్తదట, చించితే కాగితంలో కలిసిపోతదట. నేను పోయిన రోజు కుట్టు నడుస్తున్నది. నూలు దారం మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, దబ్బనంతో కొత్త తూట్లు పొడవకుండ, ఫ్యాక్టరీ వాడు పెట్టిన పాత తూట్లలోనే సూది దింపిండు. వీపుకు అడ్డంగ మూడు నాడాలు, దారం వాటి చుట్టూ తిరిగి తిరిగి వచ్చింది. లైలో మైలుతుత్తం కలుపుతడు, పురుగు పట్టదని. నీలం రంగు కొంచెం కనపడ్తది, అది మచ్చ అనుకుని కంగారు పడకండి. ఇప్పుడు పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే చెయ్యి పెట్టకుండనే తెరిచి ఉంటది. నాయన లోపలి అంచు దిక్కు గీసిన డబ్బా పూర్తిగ కనపడ్తది. జిరాక్స్ దుకాణం కట్టినప్పుడు అది సగం లోపలికి పోయేది.

కుట్టుకుంటనే చాచా, “మరి ఆ చిన్న పుస్తకాలు జైల్ల నుంచి బయటికెట్ల పడ్డయి?” అని అడిగిండు. ఒకటి తోటి ఖైదీల చేతులు మారి, నిగ్మత్ తెరెగులోవ్ అనే ఆయన 1946లో కజాన్‌కు తెచ్చిచ్చిండు. తర్వాత ఆయననూ పట్టుకపోయిండ్రు, జైలులనే పోయిండు. ఇంకోటి జలీల్‌తో మోవాబిట్‌లో ఉన్న బెల్జియం మనిషి ఆంద్రె టిమ్మర్‌మన్స్ దాచిపెట్టి, 1947లో బ్రస్సెల్స్‌లోని సోవియట్ వాళ్లకు చేర్చిండు. ఆయనకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఇక్కడ గమ్మత్తు ఏందంటే, పద్యాలు ఇల్లు చేరేటప్పటికి ఇంట్లో జలీల్ ద్రోహి. జర్మన్ దళంలో చేరిండని 1946లో ఆయన మీద కేసు తెరిచిండ్రు. చచ్చిపోయి రెండేండ్లయిన మనిషి మీద! కొన్‌స్తంతీన్ సీమనోవ్ అనే సోవియట్ రచయిత పట్టుబట్టి 1953లో పద్యాలు అచ్చువేయించే దాక అదే పేరు. 1956లో సోవియట్ యూనియన్ వీరుడు బిరుదు, 1957లో లెనిన్ బహుమతి. ఇప్పుడు కజాన్ ఒపేరాకు ఆయన పేరే. నాయన ఈ తారీఖులన్నిటి కింద గీత గీసి ఒకటే మాట రాసిండు: ‘ఖండన.’ పేపరోళ్లకు తెలుస్తది ఆ మాట బరువు. మొదటి పేజీలో తప్పు వార్త, లోపలి పేజీలో రెండు లైన్ల ఖండన.

“బెల్జియం ఆయన ఎందుకు దాచిండు మరి, చదవరాకపాయె,” అన్నడు చాచా. నేను చెప్పేలోపు ఆయనే, “నేను గూడ చదవకుంటనే కుడ్తున్న లే,” అని దారం తెంపిండు.

ఇప్పుడు తప్పులు. ఒకటి ఆలస్యం, చెప్పిన. మూడుసార్లు తిరిగిన, నర్సంపేట నుంచి బస్సులో పోయి వచ్చుడు. ఫోన్ ఎత్తడు. రెండోది, బంగారు అక్షరాలు ఆయన వెయ్యడు, బయట ఒక ప్రెస్‌కు ఇస్తడు. నేను కాగితం మీద స్పష్టంగ ‘మూసా జలీల్’ అని రాసిచ్చిన. వీపు మీద ‘మూస జలీల్’ అని వచ్చింది. దీర్ఘం పోయింది. మూసా అంటే ప్రవక్త పేరు, మూస అంటే పోత పోసే అచ్చు. మూస కవి! గిలటిన్ దాక పోయిన మనిషికి ఇదేం బిరుదు! నేను నవ్వాల్నో తిట్టాల్నో తెలవక నిలబడ్డ. చాచాకు తెలుగు చదవడం అంతంత మాత్రమే, చెప్తే గాని అర్థం కాలేదు. అయినంక మాత్రం చాలా బాధపడ్డడు. పైగా ఆ పేరు ఆయన పెద్ద కొడుకుదట. ప్రెస్ వానికి ఫోన్ చేసి అరిచిండు, ఆ ఫోన్ మాత్రం వెంటనే ఎత్తిండు అవతలోడు. మళ్లీ వేయిస్తే ఇంకో వారం అన్నడు. వారం అంటే ఏందో నాకు తెలుసు కాబట్టి వద్దన్న. బంగారు రంగు స్కెచ్ పెన్‌తో ‘స’ పక్కన చేత్తో దీర్ఘం గీసిండు. కొంచెం పైకి లేచింది. దూరం నుంచి చూస్తే తెలవది, దగ్గరికి పోతే తెలుస్తది.

ఖర్చు: కుట్టు, కాలికో గుడ్డ, గట్టి అట్ట, లోపల కొత్త కాగితాలు అన్నీ కలిపి 320. అక్షరాలకు 60 అయితది, అది తీసుకోనన్నడు, నేను బలవంతంగ పెట్టిన. ఫోన్‌పే ఉన్నది గాని మన్మడు ఉంటేనే పనిచేస్తది, నోట్లు పెట్టుకుని పోండి. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటది. రంజాన్ నెలలో సాయంత్రం అయితే ఆ రోడ్డు మీద హలీం కోసం వచ్చిన బండ్ల నడుమ నుంచి పోలేరు, పొద్దున్నే పోండి. అంచులు కత్తిరించాలా వద్దా అన్నది ఇచ్చేటప్పుడే చెప్పండి, పేజీలలో ఎవరి చేతిరాతన్న ఉంటే చూపెట్టండి. మూడు దిక్కులా సమంగ, కొత్త పుస్తకం లెక్క మెరవాలంటే మాత్రం మీకు ఇది నచ్చది.

కాలెండర్ ముక్కను ఆ అధ్యాయంలో ఫోటో పక్కన పెట్టిన. నాయన లైన్ అకౌంట్ డైరీలు ఐదు ఉన్నయి, వార్తలు కోసి అతికిచ్చి సెంటీమీటర్లు రాసుకున్నవి. వాటిని కూడ మొన్న చాచాకే ఇచ్చి వచ్చిన. వారంలో ఇస్త అన్నడు.